పాత లారీ - తీగెల కథ

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు పేరు వినని రైతు ఓరుగల్లు సీమలో ఉండడు. ధాన్యము, ప్రత్తి, మిరప - వీనిలో ఏ పంట చేతికి వచ్చినను దాని చూపు ఈ యార్డు వైపే. ఒకప్పుడు పంటను మోసినది ఎడ్లబండి. తరువాత మోసినది లారీ. లారీని గూర్చి మాటలాడునప్పుడు దాని ఇంజనును, అది మోయు బరువును చెప్పుకొందుము గాని, లోపల ప్రాకియున్న విద్యుత్తు తీగెలను తలచుకొనువారు అరుదు. ఈ ప్రసంగమున మేము ఆ తీగెల చరిత్రను కొంత చెప్పదలచితిమి.

దసరా పండుగకు కొన్ని దినముల ముందు, ఆ మార్కెట్టు పరిసరములలోని ఒక షెడ్డులో మేమొక పాత లారీని చూచితిమి. దాని ముందుభాగమున మూడు కొనల నక్షత్రమున్నది. 1954లో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థతో కలిసి జంషెడ్‌పూరులో లారీల నిర్మాణము మొదలిడిరి. ఆ ఒడంబడిక 1969లో ముగిసినది. కనుక ఆ నక్షత్రమే బండి వయస్సును చెప్పుచుండెను. అది బరువులు మోయుట మాని చాలా ఏండ్లయినది. తాతగారు కొన్న బండి యని ఇంటివారు అమ్మక దాచుకొనిరి. ఈసారి తొలి ఏరుడు ప్రత్తిని ఒక్కమారు దానిమీదనే మార్కెట్టుకు తేవలెనని వారి కోరిక. ఇంజను పలికినది. దీపములును వెలిగినవి. అయినను మిస్త్రీ ఒప్పుకొనలేదు. స్టీరింగు క్రింద చేయి పెట్టి ఒక తీగెను మెల్లగా వంచెను. దాని తొడుగు ఎండిన పొట్టువలె రాలిపోయెను.

"రాగి మంచిగనే ఉన్నది సారూ, మీది తొడుగే సచ్చింది. దీని మీద పత్తి ఎట్ల ఎక్కిస్తరు?" అని అతడనెను.

ఆ మాట పూర్తిగా బోధపడుటకు కొంత వెనుకకు పోవలెను.

మొదటి మోటారు బండ్లలో తీగెలు మిక్కిలి తక్కువ. ముందు దీపములు కార్బైడు వాయువుతోను, వెనుక దీపము కిరసనాయిలుతోను వెలిగెడివి. ఇంజనులో రవ్వ పుట్టించుటకు మాగ్నెటో యను చిన్న యంత్రము చాలెడిది. ఇంజనును చేతి హాండిలుతో త్రిప్పెడివారు. అది ఎదురు తన్ని చేతులు విరుగుటయు కలదు. 1911లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు విద్యుత్ స్టార్టరును రూపొందించెను. 1912 నాటి కాడిలాక్ కారులో దానిని అమర్చిరి. స్టార్టరుతోపాటు పెద్ద బ్యాటరీ వచ్చినది. బ్యాటరీని నింపుటకు డైనమో వచ్చినది. ఆ రెండును ఉన్నపిదప దీపములకును హారనుకును వేరొక ఆధారమేల? ఇట్లు ఒక్కొక్క సౌకర్యముతో ఒక్కొక్క తీగె చేరి, తుదకు చేతి లావు కట్ట అయినది.

మన ప్రాంతమున రోడ్డు రవాణా వ్యవస్థగా నిలిచినది 1932 జూన్ నెలలో. నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగమును ప్రారంభించిరి. నాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులో నేటికిని భద్రపరచబడియున్నది. 1934లో వరంగల్లున ఆజం జాహి మిల్లు వెలసినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, సైన్యము వదలుకొన్న లారీలు దేశమున అనేకుల చేతికి వచ్చినవి. వానివెంట వాని తీగెలును, ఆ తీగెలను బాగుచేయు వృత్తియు వచ్చినవి.

ఆ కాలపు తీగె నిర్మాణము చూడదగినది. నడుమ సన్నని రాగి పోగుల పేట. దానిపై రబ్బరు తొడుగు. దానిపై నూలు అల్లిక. రబ్బరును గట్టిపరచుటకు కలిపెడి గంధకము రాగిని చెరచును. అందువలన రాగికి తగరపు పూత పూసెడివారు. మన ఇండ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించుట వంటిదే ఇదియును. నూలు అల్లికకు వేసిన రంగును బట్టి ఏ తీగె ఎక్కడిదో తెలిసెడిది. బ్రిటిషు బండ్లలో గోధుమరంగు బ్యాటరీ నుండి వచ్చునది, నీలము పెద్ద దీపములకు, ఎఱుపు ప్రక్క దీపములకు, వెనుక దీపములకు, నలుపు చట్రమునకు.

ఈ నిర్మాణమున దుర్బలమైనది రబ్బరు. వేడిమి, నూనె, గాలి - మూడును దానికి శత్రువులే. ఇంజను ప్రక్కన ఆ మూడును సమృద్ధిగా ఉండును. ఏండ్లు గడచినకొలది రబ్బరు పెళుసెక్కి పగులును. నూలు రంగు నూనెలో మాసిపోవును. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అను శాస్త్రజ్ఞుడు పి.వి.సి. అను పదార్థమును మెత్తపరచు విధానమును కనుగొనెను. యుద్ధానంతరము మోటారు తీగెలలో రబ్బరు స్థానమును అది క్రమముగా ఆక్రమించినది. నూనెకు అది రబ్బరుకంటె బాగుగా ఓర్చును; తడికి చెడదు. అయినను అదియు శాశ్వతము కాదు. వేడిమికి కాలక్రమమున బిరుసెక్కును.

ఇక ప్రమాదమెక్కడ? పండ్రెండు వోల్టుల బ్యాటరీ చేతికి తగిలినను షాకు కొట్టదు. అందుచేత అది నిరపాయమని పలువురు తలంతురు. మనిషిని కొట్టునది వోల్టుల ఒత్తిడి. తీగెను కాల్చునది ప్రవాహము. అరువది వాట్ల దీపము 24 వోల్టులమీద రెండున్నర ఆంపియర్లను, 12 వోల్టులమీద ఐదు ఆంపియర్లను, 6 వోల్టులమీద పది ఆంపియర్లను తీసికొనును. తీగెలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును గనుక, ఒకే తీగెలో 24 వోల్టులనాటికంటె 6 వోల్టులనాడు పదునారు రెట్లు వేడి పుట్టును. పాత బండ్లలో లావు తీగెలుండుటకు కారణమిదియే.

లారీ చాసిస్ అను ఉక్కు చట్రమే ప్రవాహము తిరిగి వచ్చు త్రోవ. కావున తొడుగు రాలిన తీగె చట్రమున ఎక్కడ తగిలినను బ్యాటరీ శక్తియంతయు అచ్చటనే ప్రవహించును. నడుమ ఫ్యూజు లేకున్న క్షణములలో తీగె ఎఱ్ఱబారును. రాగి కరగుటకు 1085 డిగ్రీల వేడిమి కావలెను. ప్రత్తి అంటుకొనుటకు అందులో సగమైనను అక్కరలేదు. పైగా ప్రత్తిలో నిప్పు బయటికి కనబడక లోలోన రగులుకొనగలదు. ఒక లారీ ప్రత్తి యన్న ఒక కుటుంబపు ఏడాది కష్టము; పలుమారు ఏడాది అప్పును.

ఈ విషయము తెలియక చేయు మరమ్మతులు పెక్కు. తెగినచోట మెలివేసి నల్లటేపు చుట్టుట. ఫ్యూజు పోయినచోట సిగరెట్టు పెట్టెలోని తళుకు కాగితము పెట్టుట. దీపము మందగించిన ప్రక్కనుండి మరియొక తీగె లాగుట. ఫ్యూజు పోవుట దోషము కాదు. దోషమున్నదని చెప్పు సాక్ష్యము. సాక్షి నోరు మూసినంత మాత్రమున నేరము తొలగదు.

మరి బాగుచేయుటయా, మార్చుటయా? తొడుగు మెత్తగా నుండి ఒక్కచోట రాపిడి తగిలినయెడల, ఆ భాగము మార్చిన చాలును. వంచినచోటనెల్ల పగులుచున్నయెడల కట్టనంతయు మార్చవలసినదే. ముందు బ్యాటరీని విడదీయవలెను. చట్రమునకు కలిపినది ధనధ్రువమో ఋణధ్రువమో వ్రాసికొనవలెను. పూర్వపు బ్రిటిషు బండ్లు అనేకములలో ధనధ్రువమే చట్రమునకుండెడిది. పాత కట్టను తెగకోసి పారవేయక, దాని పొడవును, కొమ్మలను, రంగులను కొలిచి పటము గీయవలెను. క్రొత్త తీగె పాతదానికంటె సన్నగా నుండరాదు. రేకు రంధ్రములలో రబ్బరు వలయములుండవలెను. చట్రమునకు కలియుచోట తుప్పు గీకి లోహమును తేర్చవలెను. పాతరూపము కావలెనన్న, లోపల పి.వి.సి. తీగెలుంచి పైన నూలు అల్లిక చుట్టవచ్చును. చరిత్రను కాపాడుట యనగా పగిలిన రబ్బరును కాపాడుట కాదు; ఆ తీగెల అమరికను కాపాడుట.

ఎనుమాములలో మిస్త్రీ చేసినదియు ఇదియే. పాత కట్టను నేలమీద పరచి, దాని ప్రక్కనే క్రొత్తదానిని అల్లెను. పని ముగియులోపల దసరా వెళ్లిపోయినది. ఇంటివారు మొదట చిన్నబోయిరి. పండుగ దాటిన పిమ్మట ఒక ఉదయమున ఆ లారీ ప్రత్తితో యార్డులోనికి వచ్చినది. బస్తాలు దిగువరకు ఇంటి పెద్ద దాని ప్రక్కనే నిలిచియుండెను. పండుగనాటి కోరిక వారము ఆలస్యమైనది. పంట మాత్రము చెక్కుచెదరక కాటా మీదికి చేరినది.