కోరికకు కవల

కలకత్తాలో 14, పార్శీబగాన్ లేన్ బోస్ సోదరుల ఇల్లు. అన్న రాజశేఖర్ ‘పరశురామ్’ పేరుతో బెంగాలీలను కడుపుబ్బ నవ్వించిన కథకుడు. తమ్ముడు గిరీంద్రశేఖర్ 1910లో పట్టా పుచ్చుకున్న వైద్యుడు. హిప్నాటిజం, ఇంద్రజాలం సరదాగా నేర్చాడు. మనసు జబ్బులు అక్కణ్ణుంచే ఆయన్ని పట్టుకున్నాయి.

అణచిపెట్టిన కోరికల మీద రాసిన పుస్తకాన్ని 1921లో వియన్నాకు, మనోవిశ్లేషణకు మూలపురుషుడైన ఫ్రాయిడ్‌కు పంపాడు. అలా మొదలైన ఉత్తరాలు 1937 దాకా నడిచాయి. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. 1922లో పార్శీబగాన్ ఇంటి చిరునామాతోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘం పుట్టింది. సభ్యులు 15 మంది. మనలో దాగినదాన్ని పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, మాటల్లో పెట్టి వెతికే పద్ధతికి మన దేశంలో ఒక సంఘమంటూ ఏర్పడింది అప్పుడే.

బోస్ చెప్పిందాన్ని నేను గాఢంగా నమ్ముతాను. ప్రతి కోరికా కవలతో పుడుతుందంటాడాయన. కొట్టాలన్న కోరిక వెనకే దెబ్బలు తినాలన్నదీ ఉంటుంది. ఒకటి పైకి తెలుస్తుంది, రెండోది అణగి ఉంటుంది. అందుకే రోగిని ఎదుటివాడి స్థానంలో ఊహించుకోమనేవాడు. మళ్లీ తన స్థానానికి రమ్మనేవాడు. తూగుడుబల్లలా అటూ ఇటూ ఊగితే అణగినది పైకి లేస్తుంది.

మా నాన్నగారికి కోపమొస్తే రోజుల తరబడి మాట్లాడేవారు కాదు. పెద్దయ్యాక కూడా ఆ మౌనం తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది. బోస్‌ను చదివాక, నాన్నగారి పడక్కుర్చీలో నేనే కూర్చున్నట్టు ఊహించుకున్నాను. గుమ్మం దగ్గర పిల్లవాడు నిలబడి ఉన్నాడు. నేను తల తిప్పలేదు. అలా తిప్పకపోవడంలో ఎంతో హాయి ఉంది. నాన్నగారి మీద ఇన్నేళ్ల కోపం అడుగున, ఆయనలా బతిమాలించుకోవాలన్న నా కోరిక ఉంది! ఆ హాయి నాదేనని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. ఏ ఉపదేశమూ నన్ను అంత లోపలికి దింపలేదు.

ఫ్రాయిడ్‌కు ఈ కవల కోరికల సిద్ధాంతం పూర్తిగా నచ్చలేదు. బోస్ వెనక్కి తగ్గలేదు. తండ్రి తన పురుషాంగాన్ని తీసేస్తాడన్న బాలుడి భయం యూరప్ రోగుల్లో కనిపించినంతగా తన భారతీయ రోగుల్లో లేదని 1929లో ఆయనకే రాశాడు. గురుభక్తికి లోటు లేదు. 1931లో ఫ్రాయిడ్ డెబ్బై అయిదో పుట్టినరోజుకు సంఘం దంతపు విష్ణుమూర్తిని పంపింది. ఆయన దాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు. లండన్‌లో మ్యూజియంగా మారిన ఆయన ఇంట్లో అది ఇప్పటికీ ఉంది. అంత గౌరవించిన మనిషికే ‘మా రోగులు వేరు’ అని చెప్పగలగడం నాకు బోస్‌లో అన్నిటికన్నా ఇష్టమైన గుణం.

1940లో ఆ సంఘం ఆధ్వర్యంలోనే లుంబినీ పార్క్ మానసిక వైద్యశాల మొదలైంది. బోస్ 1953లో కన్నుమూశాడు. నేను తరగతిలో ఫ్రాయిడ్ పాఠం చెప్పిన ప్రతిసారీ, సిలబస్‌లో లేకపోయినా, బోస్‌కూ ఒక గంట కేటాయించేవాణ్ణి.