కడప జిల్లా చర్చిలు: ప్రవేశ హక్కు దృష్ట్యా ఒక పరిశీలన

ప్రార్థనాలయాల చరిత్రను సాధారణంగా నిర్మాణశైలి, శిలాఫలకాల ఆధారంగా రాస్తారు. కడప జిల్లా చర్చిల విషయంలో, లోపల అడుగుపెట్టగలిగినవారు ఎవరన్న ప్రశ్న అంతకంటే ముఖ్యమైనది.

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో తన కేంద్రాన్ని నెలకొల్పింది. 19వ శతాబ్ది మధ్యకాలం నుండి ఈ ప్రాంతపు మాలపల్లెల్లో సామూహికంగా క్రైస్తవ స్వీకారం జరిగింది. చాలా పల్లెల్లో ప్రార్థన, బడి ఒకే కప్పు కింద సాగాయి. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ కృషికి వైద్యాన్ని జోడించింది.

దేవాలయ ద్వారాలు దళితులకు చట్టరీత్యా తెరుచుకొన్నది 1947 నాటి మద్రాసు ఆలయప్రవేశ చట్టంతో. అదే ఏడాది సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. తరువాత దాని రాయలసీమ అధ్యక్ష ఖండానికి కడప కేంద్రమైంది. 1976లో రోమన్ కాథలిక్ మేత్రాసనం కూడా ఏర్పడడంతో, కడప రెండు బిషప్ పీఠాల పట్టణమైంది.

అయితే చర్చి గడప దాటినంత మాత్రాన కులం వెనుక ఉండిపోలేదు. మాల, మాదిగ క్రైస్తవుల మధ్య ఎడం సంఘాల్లోనూ కొనసాగింది. కనుక ఈ చర్చిల చరిత్రకు పీఠాల స్థాపన తేదీలు మాత్రమే చాలవు. బాప్తిస్మపు రిజిస్టర్లు, బడి హాజరు పట్టీలు, పల్లె వృద్ధుల జ్ఞాపకాలు కూడా శిలాఫలకాలతో సమానమైన ఆధారాలుగా స్వీకరించదగినవి.