రైలు రాకముందే కట్టిన రైలు లెక్క

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండు. పెద్దశంకరంపేటకు రోడ్డే ఆధారం. చిన్నశంకరంపేట మండలంలో మాత్రం మీర్జాపల్లి రైల్వే స్టేషన్ ఉంది. సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లే ఆ లైను నిజాం జమానాలో, 19వ శతాబ్దం ముగుస్తుండగా వేసింది. రెండు ఊళ్ల బడుల్లోనూ పిల్లలను కంగారుపెట్టే లెక్క ఒకటే. రెండు రైళ్లు ఎదురెదురుగా బయలుదేరాయి, ఎప్పుడు కలుస్తాయి?

ఈ లెక్క రైలుబండితోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. కానీ క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలో ఒక్క శ్లోకం దీన్ని తేల్చేసింది. ఎదురెదురుగా వచ్చేవాటి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో భాగించాలి. ఒకే దిక్కున పోతుంటే వేగాల తేడాతో భాగించాలి. వచ్చేదే కలిసే కాలం. ఆర్యభటుడి పని గ్రహాలతో. సూత్రం మాత్రం బాటసారికీ అంతే సరిపోతుంది.

తండ్రి పొద్దున 6 గంటలకు గంటకు 5 కిలోమీటర్ల నడకన బయలుదేరాడు. సద్ది మరిచిపోయాడని కొడుకు 8 గంటలకు సైకిలెక్కి, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెంటపడ్డాడు. అప్పటికి తండ్రి 10 కిలోమీటర్లు ముందున్నాడు, వేగాల తేడా కూడా 10. అంటే గంటలో, సరిగ్గా 9కి అందుకుంటాడు. బీజగణితంలో కొడుకు ప్రయాణ కాలం x అనుకుంటే 15x = 5(x + 2), అదే జవాబు. పిల్లలు తడబడేది కూడికల దగ్గర కాదు, ఇద్దరూ వెళ్లిన దూరం సమానమని పట్టుకోవడం దగ్గర. అది దొరికాక మిగతాదంతా చేతిపని.

మహావీరాచార్యుడు ఇంకో మెట్టు ఎక్కాడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో గణితసార సంగ్రహం రాసిన జైన పండితుడాయన. ఆ రాజు రాజధాని మాన్యఖేటం, నేటి మల్ఖేడ్. 1874లో హైదరాబాద్‌కు తొలి రైలు తెచ్చిన వాడి-సికింద్రాబాద్ లైను ఆ ఊరి పక్కనుంచే పోతుంది. మహావీరాచార్యుడి లెక్కలో ఒకడు రోజూ ఒకే వేగంతో నడుస్తాడు, రెండోవాడు రోజురోజుకూ వేగం పెంచుకుంటూ పోతాడు. మొదటివాడి వేగంలోంచి రెండోవాడి తొలినాటి నడక తీసేసి, రోజువారీ పెంపులో సగంతో భాగించి, ఒకటి కలిపితే ఇద్దరూ కలిసే రోజుల లెక్క వస్తుందన్నాడు.

నిజమేనా అని చూద్దాం. ఒకడు రోజుకు 13 కోసులు. రెండోవాడు తొలిరోజు 3, ఆపై రోజుకు 4 చొప్పున ఎక్కువ. 13లోంచి 3 పోతే 10, దాన్ని 2తో భాగిస్తే 5, ఒకటి కలిపితే 6 రోజులు. మొదటివాడు నడిచింది 78 కోసులు. రెండోవాడివి 3, 7, 11, 15, 19, 23. కూడితే అదే 78! రైలు ఊసే లేని రోజుల్లో ఇంత అందమైన లెక్క కట్టారంటే నాకు ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

ఆ గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి దింపాడు. రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుని కాలం వాడని, అంటే 11వ శతాబ్దం వాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శైవాన్ని పెట్టి, పుస్తకాన్ని తనవాళ్లకు దగ్గర చేశాడు. నన్నయ పేరు తెలియని తెలుగువాడు లేడు. మల్లన పేరు లెక్కల పంతుళ్లలోనే ఎందరికి తెలుసు? ఇది మనం దిద్దుకోవాల్సిన లోటు. మహావీరాచార్యుడి సంస్కృత మూలాన్ని ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో సహా 1912లో మద్రాసులో అచ్చువేశారు.

లెక్కలు చెప్పే అయ్యవార్లకు ఒక్క మనవి. రైలు లెక్క పక్కనే ఈ బాటసారుల లెక్కనూ బోర్డు మీద రాయండి. ఒకడు రోజుకు 10 కోసులు నడుస్తాడు, ఇంకొకడు తొలిరోజు 2 నడిచి రోజూ 2 పెంచుతాడు. కలిసేది 9వ రోజు ముగిసేసరికి, 90 కోసుల దగ్గర.