గ్రాఫిక్స్ కార్డు ఫర్మ్‌వేర్, ఓపెన్‌సోర్స్ డ్రైవర్లు

గ్రాఫిక్స్ కార్డులోనే ఉండే, లేదా కంప్యూటర్ ఆన్ అయ్యాక డ్రైవర్ అందులోకి ఎక్కించే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. తెరను వెలిగించడం, క్లాక్ వేగం మార్చడం వంటి పనులను డ్రైవర్ దీనికి అప్పగిస్తే, లినక్స్‌కు డ్రైవర్ రాసేవారి శ్రమ బాగా తగ్గుతుంది. కృష్ణా డెల్టా రైతు కాలువ షట్టరు తానే ఎత్తడు. నీళ్లు కావాలని లస్కరుకు చెబుతాడు. ఇదీ అలాంటి ఏర్పాటే.

కార్డు పనిచేయాలంటే దాని రిజిస్టర్లలో (చిప్‌ను నడిపించే చిన్న మెమరీ గదుల్లో) సరైన విలువలు సరైన వరసలో రాయాలి. మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగాలో కూడా తెలియాలి. ఆ వివరాలు తయారీదారు దగ్గరే ఉంటాయి. పైగా చిప్ ఒకటే అయినా బోర్డు బోర్డుకీ వైరింగు మారుతుంది.

ఏటీఐ కంపెనీ ఈ వివరాలను కార్డు బయాస్‌లో చిన్న చిన్న ఆదేశ పట్టికలుగా పొందుపరిచింది. దీని పేరు ఆటమ్‌బయాస్. పిక్సెల్ క్లాక్ పెట్టడానికి ఒక పట్టిక ఉంటుంది: ఈ విలువ ఇక్కడ రాయి, ఇంతసేపు ఆగు, ఆ బిట్ చూడు అన్నట్టు సాగుతుంది. డ్రైవర్‌లోని ఇంటర్‌ప్రెటర్ దాన్ని ఒక్కో అడుగూ చదివి అమలు చేస్తుంది. ఏటీఐని 2006లో కొన్న ఏఎండీ, మరుసటి ఏడాది ఓపెన్‌సోర్స్ డ్రైవర్లకు చేయూతనిచ్చింది. అప్పుడు రెండు దారులు పోటీపడ్డాయి. లినక్స్ కంపెనీ సూసే ఇంజనీర్లు రాసిన రేడియన్‌హెచ్‌డీ డ్రైవర్ రిజిస్టర్లలో నేరుగా రాయాలంది. పాత రేడియన్ డ్రైవర్ ఆటమ్‌బయాస్‌ను నమ్ముకుంది. చివరికి నిలిచింది రేడియనే.

ఎన్‌విడియా కథ కష్టమైనది. ఆ కంపెనీ సాయం పెద్దగా లేకుండానే నూవో బృందం కార్డుల ప్రవర్తనను గమనిస్తూ, ఏళ్ల తరబడి ఓపికగా డ్రైవర్ రాసింది. అది 2010లో లినక్స్ 2.6.33లో చేరింది. తర్వాత వచ్చిన కార్డులు కంపెనీ డిజిటల్ సంతకమున్న ఫర్మ్‌వేర్‌ను తప్ప ఒప్పుకోకపోవడంతో వేగం పెంచే దారి నూవోకు మూసుకుపోయింది. 2018 నాటి ట్యూరింగ్ తరం నుంచి కార్డులో జీఎస్‌పీ అనే రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ ఉంటోంది. వేగం, విద్యుత్తు వ్యవహారాలు అదే చూసుకుంటుంది; డ్రైవర్ దానికి సందేశాలు పంపితే చాలు. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7తో నూవోకు ఈ వెసులుబాటు దక్కింది. జీఎస్‌పీనే ఆధారం చేసుకుని రస్ట్ భాషలో నోవా అనే కొత్త డ్రైవర్ కూడా తయారవుతోంది.

ఈ రెండు పద్ధతులను ఒకే గాటన కట్టకూడదు. ఆటమ్‌బయాస్ పట్టికను తెరిచి చూడవచ్చు, ఏ రిజిస్టర్‌లో ఏం రాస్తోందో తెలుసుకోవచ్చు. పదుల మెగాబైట్ల జీఎస్‌పీ ఫర్మ్‌వేర్ మూసిన పెట్టె. అందులో తప్పుంటే దిద్దే హక్కు ఎన్‌విడియాదే. వెర్షన్ మారితే సందేశాల రూపమూ మారుతుంది కనుక, డ్రైవర్‌ను మళ్లీ సవరించాల్సి వస్తుంది. పని తేలికైంది గానీ, స్వేచ్ఛ ఆ మేరకు పెరగలేదు.

ఆ తేలిక కూడా అన్ని కార్డులకూ దక్కలేదు. 2016లో వచ్చిన ఎన్‌విడియా జీటీఎక్స్ 10 వరస కార్డుల్లో జీఎస్‌పీ లేదు. నూవోతో అవి ఆన్ చేసినప్పటి తక్కువ వేగంతోనే నడుస్తాయి.