డోర్నకల్ ప్రధాన దేవాలయము: చరిత్ర, వాస్తువు

క్రైస్తవ దేవాలయ మనగానే మొనదేలిన శిఖరములు, కోణాకృతి తోరణములు, రంగుటద్దముల గవాక్షములు మన మనస్సున మెదలును. తెలంగాణమున అట్టి వాస్తువునకు మెదకు ప్రధాన దేవాలయము ప్రసిద్ధోదాహరణము. వెస్లియన్ మెథడిస్టు మతప్రచారకుడగు చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికచే నిర్మితమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడము గోథిక్ రీతిలోనిది. దాని గంటగోపురపు ఎత్తు 175 అడుగులు. పిమ్మట పదునాలుగేండ్లకు, 1939 జనవరి 6న, అదే నిజాము రాజ్యమున డోర్నకల్లులో ఆంగ్లికన్ సంఘమువారి ప్రధాన దేవాలయము ప్రతిష్ఠిత మయ్యెను. ఇందు మండప స్తంభములు, గుమ్మటములు, మీనారులు కానవచ్చును. కాలమున ఇంత దగ్గరివైన రెండు కట్టడముల నడుమ ఇంతటి రూపభేదము కలుగుటకు కారణము డోర్నకల్ సంఘ చరిత్రయందే కలదు.

డోర్నకల్ నేటి మహబూబాబాదు జిల్లాలోనిది. కాజీపేట, విజయవాడల నడుమ నున్న రైలుకూడలి. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఒక ప్రచార సంఘమును స్థాపించిరి. భారతీయుల ధనముతో, భారతీయుల చేతనే, భారతీయుల పాలనయందే పని సాగవలెనన్నది దాని నియమము. ఆ స్థాపకులలో నొకడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతమున జన్మించిన ఈయన, 1909లో గురుపట్టము పొంది డోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, ఇచ్చటి పల్లెలలో పని సాగించెను. 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్యులు భారతీయ క్రైస్తవులకు పోషకులుగా గాక స్నేహితులుగా మెలగవలెనని ధైర్యముగా పలికెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున బిషప్ పదవి నందిన తొలి భారతీయు డయ్యెను.

ఎడింబరోలో మాటగా పలికినదానినే అజరయ్య డోర్నకల్లులో రాతిచే పలికించెనని చెప్పవచ్చును. దేవాలయ స్తంభములు దక్షిణదేశపు గుడి మండప స్తంభముల పోలికవి. వానిపై పద్మాదులు చెక్కబడినవి. గుమ్మటములు, మీనారులు దక్కను మహమ్మదీయ వాస్తు సంప్రదాయమునకు చెందినవి. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడిని, 1591 నాటి చార్మినారును ఎరిగిన దేశమున ఈ రెండు రూపములును కొత్తవి గావు. వీని నడుమ సిలువయు, బలిపీఠమును నిలిచి, ఆరాధన ఎవరిదో స్పష్టము చేయుచున్నవి. దేవాలయము పేరును గమనింపదగినదే. అది 'ఎపిఫనీ', అనగా ప్రత్యక్షత పండుగ పేరు. తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన క్రీస్తును దర్శించి కానుక లర్పించిన ఘట్టమును స్మరించు పండుగ యిది. జనవరి 6 ఆ పండుగ దినమే. తూర్పుదేశము తన సొంత కానుకతో వచ్చినదను భావము పేరునందును, కట్టడమునందును ఒక్కటియై యున్నది.

ఐనను దీనిని కేవలము అలంకార సమ్మేళనముగా తలచుట పొరపాటు. డోర్నకల్ సంఘమున చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులములవారు. గుడి మండపమున అడుగిడుటకు వారికి తరతరములుగా అనుమతి లేకుండెను. తిరువాన్కూరులో ఆలయప్రవేశ ప్రకటన వెలువడినది 1936 నవంబరులో. మధుర మీనాక్షి ఆలయమున అస్పృశ్యులుగా ఎంచబడినవారు ప్రవేశించినది 1939 జూలై 8న, అనగా డోర్నకల్ దేవాలయ ప్రతిష్ఠ జరిగిన ఆరు నెలలకు. ఏ స్తంభములను దూరమునుండియే చూడవలసి వచ్చినదో, అట్టి స్తంభముల నడుమనే వారిచ్చట కూర్చుండి ఆరాధించిరి. తమ్ము వెలిగా నుంచిన గుడి రూపమునే ఏల స్వీకరింపవలెనని ఆక్షేపము పుట్టవచ్చును. శిల్పము వెలివేసినవారి సొత్తు గాదు, దేశ ప్రజలందరి వారసత్వమని ఆ కట్టడమే సమాధాన మిచ్చుచున్నది.

మెదకు దేవాలయమును తక్కువ చేయుట ఈ పోలిక ఉద్దేశము గాదు. క్షామకాలమున ఆ నిర్మాణము పలువురికి అన్నము పెట్టినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడి, ఆంగ్లికన్, మెథడిస్టు శాఖలు ఏకమైనపుడు ఈ రెండు దేవాలయములును ఒకే సంఘమునకు చెందినవయ్యెను. ఆ ఐక్యతకై చిరకాలము పాటుపడిన అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్లుననే గతించుటచే దానిని చూడజాలకపోయెను. తెలుగునాటి క్రైస్తవ వాస్తు చరిత్రను వ్రాయువారు ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. వచ్చిన మతము ఎట్లు వచ్చినదో మెదకు చెప్పును. వచ్చిన పిమ్మట అది ఎవరిదైనదో డోర్నకల్ చెప్పును.