ఇంటి చుట్టు ప్రదక్షిణము



దేవాలయమునకు పోయినచో ప్రదక్షిణము చేయక మరలని మనము, మన యింటి చుట్టు మాత్రము ఏడాది కొకమాఱైనను తిరిగి చూడము. వాకిటినుండి లోనికి పోవుదుము, లోనినుండి వాకిటికి వత్తుము. వెనుకగోడ మొదట ఏమి జరుగుచున్నదో, పెరటిమూల పునాదిరాయి యే స్థితిలో నున్నదో విచారింపము. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములందు ఈ విచారణ ఒకప్పుడు ఏటేట జరుగుచుండెడిది. అది యెట్లు జరిగెడిదో, ఎట్లు నిలిచిపోయెనో నేడు మనవి చేసెదను.

ఈ ప్రసంగమునకు కారణము 2025 ఆగస్టు 27, 28 తేదీల వాన. కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క దినములోనే 40 సెంటీమీటర్లకు మించి కురిసెను. పట్టణములో వీధులకు వీధులే నీట మునిగెను. భిక్కనూరు, తలమడ్ల నడుమ రైలుదారి దెబ్బతినెను. ఎల్లారెడ్డికి చేరువనున్న పోచారము ఆనకట్ట 1922లో ముగిసిన కట్టడము. 70,000 క్యూసెక్కుల వరదకై కట్టిన దానిమీదుగా 1,80,000 క్యూసెక్కులకు పైబడిన నీరు పొరలిపోయెను. కట్ట తెగునని క్రింది గ్రామములవారు భయపడిరి. కట్ట తెగలేదు. నూఱేండ్లు దాటిన రాతికట్టడము నిలిచెను; నిన్న మొన్న కట్టిన గోడలు పెక్కు నిలువలేదు.

ఆనకట్టను పరీక్షింప వచ్చిన ఇంజనీరు ముందుగా దాని పాదమును చూచును. అచ్చట ఊరు నీరు తేటగా నున్నచో అతని మనసు కొంత కుదుటబడును. బురదగా నున్నచో కట్ట లోపలి మన్ను కరగి వచ్చుచున్నదని గ్రహించును. ఇంటికిని ఇదే నీతి. గోడమీది పగులు ఫలము. కారణము గోడ మొదట నుండును.

మన పూర్వులు నేలను పరీక్షింపక ఇల్లు కట్టలేదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక పరీక్ష చెప్పెను. స్థలము నడుమ మూరెడు గొయ్యి త్రవ్వి, త్రవ్విన మట్టితోనే దానిని పూడ్వవలెను. మట్టి మిగిలిన నేల ఉత్తమము, సరిపోయిన సమము, చాలనిచో అధమము. నేల గట్టితనమును గొయ్యియే చెప్పుచున్నది. రోమకుడైన విట్రూవియసు కూడ గట్టినేల తగులువఱకు త్రవ్వి పునాది వేయుమనెను. ఇవన్నియు కట్టుటకు ముందు చేయు పరీక్షలు. కట్టిన పిమ్మట ఏటేట ఇంటిని చూచుకొను విధానము, నేనెఱిగినంతలో, గ్రంథములకంటె వాడుకలో నిలిచినది. ఆ వాడుక స్త్రీల చేతిలో నుండెను.

కామారెడ్డి పరిసరములందు ఎఱ్ఱ చెలకలు, రాతిగుట్టలు మెండు. పడమటగా బిచ్కుంద, మద్నూరు వైపు పోయినకొలది నల్లరేగడి. రేగడి నీరు త్రాగి ఉబ్బును, వేసవిలో ముడుచుకొని నెఱ్ఱెలు వాఱును. చెలకనేల ఇట్లు ఉబ్బదుగాని చూరునీరు ఒకేచోట పడుచుండిన కోసికొనిపోవును. ఏ నేలకైనను మందొక్కటే: గోడ మొదట నీరు నిలువరాదు. అందువలన పాత యిండ్లకు బండరాళ్ళతో ఎత్తైన గద్దె కట్టి, దానిపై మట్టిగోడ లేపి, గూనపెంకుల చూరును బాగుగా ముందుకు దించిరి. వీధివైపున అరుగు వేసిరి. అరుగు ఊరకే కూర్చుండి మాటలాడుకొనుట కనుకొందుము. చూరునుండి జాఱిన నీటిని గోడకు రెండు మూడడుగుల దూరమున పడవేయుట దాని ముఖ్యమైన పని; మాటలు దానికి వడ్డీ!

పండుగ వచ్చినంతనే ఇంటి ఆడువారు ఎఱ్ఱమన్ను, జాజు కలిపి గద్దె చుట్టును అలికెడివారు. గోడను చేతితో నిమురుచు పోవువారి కంటబడని పగులుండునా? చెదపురుగు మన్నుదారి, ఉప్పు పొక్కి రాలిన పూత, రాతి సందున మొలచిన రావిమొక్క మొదట వారికే తెలిసెడివి. మొక్కను వేరుతో పెఱికి, సందు నింపి, పెద్ద పగులైనచో సుతారిని పిలువుమనెడివారు. ఇది పరీక్ష యని వారనుకొనలేదు. పండుగ పని యనుకొనిరి. సిమెంటు గోడలు వచ్చి జాజుపూత పోయినపుడు పరీక్షయు పోయెను. పాత మట్టిగోడకు పైన సిమెంటు పూయుట మఱియు చేటు: లోని తేమ వెలుపలికి పోవు దారి లేక గోడ లోలోపల మెత్తబడును.

దోమకొండ గడీకోట పునరుద్ధరణమునకు 2022లో యునెస్కో వారి పురస్కారము లభించినది. చూడబోయినవారు పై అలంకారములను చూచి మెచ్చుకొందురు. నేను మాత్రము గోడల మొదళ్ళు చూచుచు తిరుగగా, ఏదైన పడవేసికొంటివా యని ఒకరడిగిరి.

నా అలవాటునకు కారణము నా తప్పే. ఎల్లారెడ్డి దాపున మా పాత యింటి ముందు వీధిరోడ్డు ఎత్తు పెరిగెను. బండి నిలుపుటకు చోటు చాలదని నేనే అరుగు తీయించితిని. మా అమ్మ వలదన్నది, నేను వినలేదు. రెండు వానకాలములలో వీధినీరు గోడవైపు వాలి, ఈశాన్యపు మూల పైనుండి క్రిందికి మెట్లు మెట్లుగా పగిలెను. పిలిపించిన ముసలి సుతారి లోనికి రాకయే ఇల్లు చుట్టి వచ్చెను. “పగులు పైన వెడల్పు, క్రింద సన్నము. మూల దిగుచున్నదయ్యా. నడుము కుంగిన క్రింద వెడల్పుగా నుండెడిది,” అనెను. వేసవిలో తెఱచుకొని వానకు మూసికొను పగులు నేల ఊపిరియనియు, మూతపడక పెరుగునది ప్రమాదమనియు చెప్పెను. పగులుమీద అడ్డముగా సున్నము మెత్తి, అది ఆఱకముందే పుల్లతో తేదీ గీసెను. మూల ఇంకను దిగుచున్నచో ఆ సున్నము చీలునట.

పోయిన ఆగస్టు వానకు మా వీధిలో మోకాటిలోతు నీరు పాఱెను. తెల్లవాఱినంతనే నేను పరుగున పోయి చూచితిని. సున్నము చీలలేదు. అంతకు ముందే అరుగును మరల కట్టించి, నీటిని కాలువకు మళ్ళించియుంటిమి. అయినను మృగశిర కార్తె వచ్చువఱకు నెల కొకమాఱు చూడుమని సుతారి కబురు చేసినాడు. మా అమ్మ ఆ చుక్కచుట్టు జాజు పూసి, చుక్కను మాత్రము తెల్లగనే యుంచినది.