డబ్బా మిగిల్చిన డబ్బు ఎవరికి?

రంగూన్ రేవులో బస్తాలు మోసిన చేతులు చాలావరకు మనవాళ్ళవే. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేవాడు, ఆ అప్పు తీరేదాకా వాడి ముఠాలోనే పని. 1930 మే నెలలో కూలి పెంచమని మనవాళ్ళు సమ్మె కట్టారు. కంపెనీలు ఆ పనికి బర్మా కూలీలను తెచ్చిపెట్టుకున్నాయి. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకి వస్తుంటే, ఆ బర్మా కూలీలను పొమ్మన్నాయి. అక్కడ రేగిన కొట్లాటలో వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే.

అమెరికా సరుకు రవాణా గురించి రాస్తామని చెప్పి రంగూన్ ఎందుకు తెచ్చారంటారా? ఆ రోజుల్లో రేవు పని ఎక్కడైనా ఒకటే. శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడా పొద్దున్నే రేవు ముందు మనుషులు గుంపుగా నిలబడేవారు, మన ఊళ్ళలో లేబర్ అడ్డా మీద నిలబడినట్టే. ముఠా పెద్ద వచ్చి "నువ్వు రా, నువ్వు రా" అని వేలు చూపించేవాడు. వాడి చెయ్యి తడిపినవాడికి పని, లేనివాడు ఇంటికి. 1934లో పశ్చిమ తీరం రేవుల్లో 83 రోజులు సమ్మె నడిచింది. జూలై 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. చివరికి అడ్డా పోయింది. దాని బదులు వంతుల ప్రకారం పని పంచే హాలు వచ్చింది. పని పంచే మనిషిని ఎన్నుకునే హక్కు యూనియన్‌కి దక్కింది.

ఆ సమ్మెకి ముందు నిలబడిన హ్యారీ బ్రిడ్జెస్ కూడా వలస వచ్చినవాడే. ఆస్ట్రేలియా నుంచి ఓడ కళాసీగా 1920లో ఇక్కడికి వచ్చాడు. ప్రభుత్వం ఆయన్ని దేశం నుంచి పంపించెయ్యాలని ఏళ్ళ తరబడి కేసులు నడిపింది. 1945లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది, అదే ఏడాది పౌరసత్వం వచ్చింది. వీసా కాగితాల భయం మనకి కొత్త గానీ, ఈ దేశానికి కొత్త కాదు.

ఇక డబ్బా సంగతి. నార్త్ కరోలినాలో ట్రక్కుల వ్యాపారం చేసిన మాల్కం మెక్లీన్‌కి ఒక ఆలోచన వచ్చింది. ట్రక్కులోని సరుకుని ఒక్కొక్క పెట్టె, ఒక్కొక్క బస్తా దించి ఓడలో సర్దడం ఎందుకు, ట్రక్కు పెట్టెనే ఎత్తి ఓడ మీద పెడితే పోదా? 1937లో పత్తి బేళ్ళతో రేవు దగ్గర రోజంతా కాచుకుని కూర్చున్నప్పుడే ఇది తట్టిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. పెద్దవాళ్ళయ్యాక చెప్పే కథలు కాస్త అందంగానే ఉంటాయి, మేము దాన్ని పూర్తిగా నమ్మడం లేదు. 1956 ఏప్రిల్ 26 మాత్రం కథ కాదు. ఆ రోజు న్యూజెర్సీలోని నెవార్క్ నుంచి ఐడియల్ ఎక్స్ అనే పాత ట్యాంకర్ 58 డబ్బాలతో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌కి బయల్దేరింది. విడి సరుకు ఓడకి ఎక్కించడానికి టన్నుకి 5 డాలర్ల 80 సెంట్లకు పైన అయ్యేది. ఈ పద్ధతిలో 16 సెంట్లు అయింది.

ఆ తేడా అంతా ఎవరిది? కూలిదే. అంతకుముందు ఓడలు సగం కాలం రేవులోనే పడి ఉండేవి, వాటి మీద ముఠాలు రోజుల తరబడి పని చేసేవి. క్రేన్ వచ్చాక అదే పని గంటల్లో తేలిపోయింది. డబ్బాలు పరచడానికి పెద్ద జాగా కావాలి. అది లేని బ్రూక్లిన్ రేవులు ఖాళీ అయ్యాయి, పని న్యూజెర్సీ ఒడ్డుకి పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కో సరుకు ఎదుటి ఒడ్డున ఉన్న ఓక్లాండ్‌కి పోయింది. రేవు పక్కనే ఇల్లు కట్టుకున్నవాడి గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

బ్రిడ్జెస్ యంత్రాలను ఆపలేమని తేల్చుకున్నాడు. అయితే, మీకు మిగిలే డబ్బులో మా వాటా తెమ్మన్నాడు. 1960 అక్టోబరు 18న ఓడల కంపెనీలతో ఒప్పందం కుదిరింది. పని పద్ధతులు మార్చుకునే స్వేచ్ఛ కంపెనీలది. బదులుగా అయిదున్నరేళ్ళలో 2 కోట్ల 90 లక్షల డాలర్లు కార్మికుల నిధికి కట్టాలి. యంత్రం వచ్చిందని పూర్తి రిజిస్ట్రేషన్ ఉన్న కార్మికుణ్ణి తీసెయ్యకూడదు. పని తగ్గినా వారానికి ఇంత అని కనీస రాబడి ఉండాలి. 25 ఏళ్ళు చేసి దిగిపోయేవాడికి పెన్షన్ కాక 7,920 డాలర్లు చేతికి ఇవ్వాలి. ఆ రోజుల్లో అది చిన్న సొమ్ము కాదు. కొన్నేళ్ళకి న్యూయార్క్ రేవు కార్మికులు కూడా ఏడాదికి ఇంత అని గ్యారంటీ కూలి సాధించుకున్నారు.

అయితే ఈ ఒప్పందాన్ని పొగిడి వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే. పశ్చిమ తీరంలో ఏ కార్మికులు, బీ కార్మికులు అని రెండు తరగతులు ఉండేవి. నిధి అంతా ఏ వాళ్ళకే. బీ వాళ్ళు అదే ఓడలో, ఏ వాళ్ళు వద్దన్న బరువు పని చేసేవారు, యూనియన్‌లో ఓటు లేదు. 1963లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 82 మంది బీ కార్మికుల రిజిస్ట్రేషన్ తీసేశారు. కోర్టుల్లో ఏళ్ళ తరబడి తిరిగారు. ఆ పని చేసింది కంపెనీ ఒక్కటే కాదు, యూనియన్ కూడా అందులో ఉంది.

రేవులో కొంతైనా వాటా దొరికింది. రోడ్డు మీద అదీ లేదు. 1935 నుంచి ట్రక్కు కంపెనీల లైసెన్సులు, రేట్లు ఫెడరల్ కమిషన్ చేతిలో ఉండేవి. 1980 జూలై 1న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ కట్టుబాట్లు సడలిపోయాయి. అక్టోబరులో రైళ్ళకీ అలాంటి చట్టమే వచ్చింది. పదేళ్ళలో ట్రక్కు కంపెనీలు రెట్టింపుకు మించాయి. రవాణా చవకైంది, కొట్లో సరుకు కొనేవాళ్ళకి మేలే జరిగింది. డ్రైవర్ల అసలు కూలి మాత్రం పడిపోయింది. రేవుల నుంచి డబ్బాలు లాగే డ్రైవరు ఉద్యోగి కాక "స్వతంత్ర కాంట్రాక్టరు" అయ్యాడు. లాస్ ఏంజిలిస్ వైపు వాళ్ళలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్ళే. ట్రక్కు కిస్తీ, డీజిల్, బీమా అన్నీ వాడివే. కూలి ట్రిప్పుకో మైలుకో గనక గేటు ముందు కాచుకున్న గంటకి విలువ లేదు. రాష్ట్రాలు దాటే పెద్ద ట్రక్కుల డ్రైవర్లకి ఫెడరల్ చట్టంలో ఓవర్‌టైమ్ హక్కు 1938 నుంచీ లేదు, ఇప్పటికీ లేదు.

2021 చివర్లో లాస్ ఏంజిలిస్, లాంగ్ బీచ్ రేవుల బయట వందకు పైగా ఓడలు లంగరేసి, లేదా దూరంగా తిరుగుతూ కాచుకున్నాయి. డ్రైవర్లు చాలడం లేదని టీవీల్లో అందరూ అన్నారు. ఆ డ్రైవర్లు ఊరికే కాచుకున్న గంటల లెక్క ఎవరూ తియ్యలేదు.

ఆ డబ్బాలు చివరికి చేరేది గోడౌన్లకే, మనలో చాలామంది ఉన్నదీ అక్కడే. కాలిఫోర్నియాలో 2022 జనవరి 1 నుంచి ఒక చట్టం ఉంది. పెద్ద గోడౌన్లలో గంటకి ఎన్ని వస్తువులు తియ్యాలో రాతపూర్వకంగా చెప్పాలి. భోజనానికో బాత్రూముకో వెళ్ళనివ్వని కోటా చెల్లదు. తర్వాత న్యూయార్క్‌లోనూ ఇలాంటిది వచ్చింది. కాలిఫోర్నియా చట్టంలో మాకు నచ్చిన ముక్క ఒకటుంది. ఏజెన్సీ ద్వారా వచ్చిన కార్మికుడికీ అది వర్తిస్తుంది. అంటే ఆనాటి బీ కార్మికుడి లాంటివాడికి కూడా. కోటా వల్ల తన విరామం పోతోందని అనుకున్నవాడు గత 90 రోజుల్లో తన పని వేగం లెక్క కాగితం మీద ఇమ్మని అడగొచ్చు. 21 రోజుల్లో ఇవ్వాలి.